వాడిన ఇంధనం ఎటు పోతుందో చెప్పాకే భూమి మాట

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర అణు విద్యుత్ కేంద్రం మాట మొదలై పదిహేనేళ్లు దాటింది. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు, అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ నమూనా, రెండు వేల ఎకరాలకు పైగా భూమి. ఇదీ ప్రతిపాదన. ఇన్నేళ్లలో ఎకరం ధర గురించి, ప్యాకేజీ గురించి, ఇంటికో ఉద్యోగం గురించి మాటలు చాలా నడిచాయి. అసలు ప్రశ్న మాత్రం చివరి వరుసలోనే కూర్చుండిపోయింది. ఆ ప్రశ్నను మన సంఘం సమావేశంలో ఒక పెద్దాయన రెండు ముక్కల్లో అడిగాడు. "పొయ్యి వెలిగిస్తామంటున్నారు, సరే. బూడిద ఎక్కడ పోస్తారు?"

ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, వాడిన ఇంధనాన్ని పారెయ్యం, రీసైకిల్ చేస్తాం. రెండు, దాన్ని భద్రమైన పీపాల్లో పెట్టి ఇక్కడి నుంచి తరలిస్తాం. ఈ రెండు మాటలూ అబద్ధాలు కావు. కానీ ఈ రెండూ పూర్తి జవాబులూ కావు. మిగిలిన సగం ఏమిటో తెలుసుకోకుండా రైతు సంతకం పెట్టకూడదన్నది మా అభిప్రాయం.

ముందే ఒక మాట. మేం కరెంటుకు వ్యతిరేకులం కాదు. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల కరెంటు కావాలని ధర్నాలు చేసినవాళ్లం మనమే. అణు కేంద్రం అనగానే ఊళ్లు కాలిపోతాయని భయపెట్టడం కూడా మా పద్ధతి కాదు. మేం అడిగేది లెక్క.

మిల్లు లెక్క

రియాక్టరులో యురేనియం కడ్డీలను కొన్నేళ్లు వాడాక బయటికి తీస్తారు. అప్పుడవి విపరీతమైన వేడితో, రేడియేషన్‌తో ఉంటాయి. దగ్గరికి మనిషి పోలేడు. అందుకే వాటిని రియాక్టరు పక్కనే లోతైన నీటి తొట్టెల్లో ఏళ్ల తరబడి ఉంచి చల్లారుస్తారు. ఆ తర్వాత రీప్రాసెసింగ్ ప్లాంటుకు పంపుతారు, లేదా ఉక్కు పీపాల్లో పెట్టి నిల్వ చేస్తారు.

రీప్రాసెసింగ్ అంటే ఏమిటో మన మిల్లు భాషలోనే చెప్పుకుందాం. ధాన్యం పట్టిస్తే బియ్యం వస్తాయి, తవుడు వస్తుంది, ఊక మిగులుతుంది. కొవ్వాడకు ప్రతిపాదించిన రకం రియాక్టరులో వాడిన ఇంధనం నూరు కిలోలు తీసుకుంటే అందులో దాదాపు 95 కిలోలు యురేనియమే. ఒక కిలో దాకా ప్లుటోనియం. మిగిలిన మూడు నాలుగు కిలోలే అసలు ప్రమాదకరమైన వ్యర్థం. కడ్డీలను ముక్కలుగా కోసి, ఆమ్లంలో కరిగించి, ఈ మూడింటినీ వేరు చేస్తారు. యురేనియాన్ని, ప్లుటోనియాన్ని మళ్లీ ఇంధనంగా వాడొచ్చు. మిగిలిన వ్యర్థాన్ని గాజుతో కలిపి కరిగించి దిమ్మలుగా పోత పోస్తారు.

మన దేశం మొదటి నుంచీ ఈ దారినే ఎంచుకుంది. హోమీ భాభా వేసిన మూడు దశల ప్రణాళికకు రీప్రాసెసింగే ఇరుసు. ట్రాంబే, తారాపూర్, కల్పక్కంలలో ఈ ప్లాంట్లున్నాయి. మన శాస్త్రవేత్తలకు ఈ విద్య బాగా వచ్చు, అందులో అనుమానం లేదు.

కానీ ఊక కాలిస్తే బూడిద మిగిలినట్టే ఇక్కడా మిగులుతుంది. గాజు దిమ్మలు మాయమైపోవు. వాటిని దశాబ్దాల పాటు గాలి తగిలే గదుల్లో చల్లార్చి, చివరికి భూమి లోపల ఎంతో లోతున పాతిపెట్టాలి. అలాంటి శాశ్వత స్థలం మన దేశంలో ఇప్పటికీ లేదు. విడదీసిన ప్లుటోనియం సంగతి చూస్తే, అందులో ప్రధాన రకం సగానికి తగ్గడానికి 24 వేల సంవత్సరాలు పడుతుంది. దాన్ని వాడుకోవాల్సిన కల్పక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు నిర్మాణం 2004లో మొదలైతే, కోర్ లోడింగ్ 2024 మార్చిలో మొదలైంది. మధ్యలో ఇరవై ఏళ్లు. జపాన్‌లో రొక్కాషో అనే చోట 1993లో రీప్రాసెసింగ్ ప్లాంటు కట్టడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు దాటినా అది పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టలేదు. మిల్లు ఆడకపోతే ధాన్యం ఎక్కడుంటుంది? మన కళ్లంలోనే. వాడిన ఇంధనం కూడా అంతే, ప్లాంటు పక్కనే ఉండిపోతుంది.

కొవ్వాడ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అమెరికా నుంచి వచ్చిన ఇంధనాన్ని మన ఇష్టం వచ్చిన చోట రీప్రాసెస్ చేయడానికి లేదు. 2010లో రెండు దేశాలూ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, అంతర్జాతీయ తనిఖీలకు లోబడిన ప్రత్యేక ప్లాంటు కొత్తగా కట్టి అందులోనే చేయాలి. తారాపూర్ అనుభవం కళ్లముందే ఉంది. 1963 ఒప్పందం కింద అమెరికా సహకారంతో కట్టిన ఆ రియాక్టర్లలో వాడిన ఇంధనాన్ని అమెరికా వెనక్కి తీసుకోలేదు, రీప్రాసెస్ చేసుకుంటామంటే దశాబ్దాల పాటు ఒప్పుకోలేదు. అది తారాపూర్‌లోనే పేరుకుంది.

కొవ్వాడ లెక్క మేమే కట్టి చూశాం. ఈ రకం పెద్ద రియాక్టరు ఒక్కటి ఏటా 20 టన్నులకు తక్కువ కాకుండా వాడిన ఇంధనాన్ని బయటికి పంపుతుంది. ఆరింటికి 120 టన్నులు. రియాక్టరు ఆయుష్షు 60 ఏళ్లు అంటున్నారు. అంటే 7200 టన్నులు. ఇది ఎక్కడికి, ఏ సంవత్సరం నుంచి, ఏ దారిన పోతుంది? ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు కావాలి.

ట్రాక్టర్లు రోడ్డెక్కిన ఊరు

రీసైక్లింగ్, రవాణా అనే ఈ రెండు మాటలనూ మనకన్నా ముందు విన్న రైతులున్నారు. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున గోర్లెబెన్ అనే చిన్న ఊరు. చుట్టూ బంగాళాదుంప, ధాన్యం పండించే పల్లెలు. 1977 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ఎర్నెస్ట్ ఆల్‌బ్రెక్ట్ అక్కడ రీప్రాసెసింగ్ ప్లాంటు, నిల్వ కేంద్రం, ఉప్పు గనుల లోతున శాశ్వత ఖననం అన్నీ ఒకేచోట పెడతామని ప్రకటించాడు. జనం తక్కువ, పేద ప్రాంతం, సరిహద్దు దగ్గర. అడిగేవాళ్లుండరనుకున్నారు.

1979 మార్చిలో ఆ రైతులు ట్రాక్టర్లు తీసుకుని రాజధాని హానోవర్‌కు బయలుదేరారు. వారం రోజుల ప్రయాణం. వాళ్లు దారిలో ఉండగానే అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగింది. వందలాది ట్రాక్టర్లు హానోవర్ చేరేసరికి లక్ష మంది దాకా జనం కలిశారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ ముఖ్యమంత్రి, సాంకేతికంగా ప్లాంటు కట్టొచ్చు గానీ రాజకీయంగా సాధ్యం కాదని శాసనసభలో ఒప్పుకున్నాడు. రీప్రాసెసింగ్ ప్లాంటు ఆగిపోయింది.

కానీ నిల్వ కేంద్రం ఆగలేదు. జర్మనీ తన ఇంధనాన్ని ఫ్రాన్స్‌లోని లా హాగ్ ప్లాంటుకు పంపి రీప్రాసెస్ చేయించుకుంది. ఫ్రాన్స్ ఊరికే ఉంచుకుంటుందా? మీ బూడిద మీరే తీసుకుపొండి అంది. గాజు దిమ్మలు నింపిన, ఒక్కొక్కటి వంద టన్నులకు పైగా బరువున్న పీపాలు రైల్లో దేశం దాటి వచ్చేవి. చివరి ఇరవై కిలోమీటర్లు లారీల మీద, పొలాల మధ్య రోడ్డు మీదుగా గోర్లెబెన్‌కు. 1995 నుంచి 2011 దాకా పదమూడు సార్లు అక్కడికి పీపాలు వచ్చాయి. ప్రతిసారీ వేలాది పోలీసులు, రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు, పట్టాల మీద కూర్చున్న జనం. 2011లో ఆఖరి రైలు గమ్యం చేరడానికి అయిదు రోజులకు పైగా పట్టింది.

ఆ పీపాలు పగిలాయా? లేదు. నిజం నిజంగానే చెప్పాలి. ఇలాంటి పీపాలను తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడేసినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచినా, నీళ్లలో ముంచినా తట్టుకునేలా అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం తయారుచేస్తారు. కానీ 1998లో మరో సంగతి బయటపడింది. కొన్ని పీపాల పైభాగాన అనుమతించిన దానికంటే ఎక్కువ రేడియేషన్ మరకలున్నాయి. ఆ సంగతి కంపెనీలకు ఏళ్ల తరబడి తెలుసు, ప్రభుత్వానికి చెప్పలేదు. అప్పటి పర్యావరణ మంత్రి ఏంజెలా మెర్కెల్ రవాణాను ఆపేయాల్సి వచ్చింది. మళ్లీ మొదలవడానికి మూడేళ్లు పట్టింది. పీపా గట్టిదే, మాట గట్టిది కాకపోయింది.

2020లో అధికార సంస్థే శాశ్వత ఖననానికి గోర్లెబెన్ ఉప్పు నేల పనికిరాదని జాబితా నుంచి తీసేసింది. రైతులు నలభై మూడేళ్లుగా చెబుతున్న మాటే అది. 2023 ఏప్రిల్‌లో జర్మనీ చివరి రియాక్టర్లను కూడా మూసేసింది. కరెంటు ఆగింది. కానీ గోర్లెబెన్‌లో 113 పీపాలు అలాగే ఉన్నాయి. నిల్వ అనుమతి 2034తో ముగుస్తుంది. శాశ్వత స్థలం 2031 నాటికి ఖాయం చేయాలని చట్టంలో రాసుకున్నారు, అది కాదని వాళ్లే తేల్చారు. తాత్కాలికం అన్న మాటకు గడువు ఎంతో ఆ ఊరి రైతును అడగాలి.

కూడంకుళంలో మారిన మాట

జర్మనీ దాకా ఎందుకు, మన పక్క రాష్ట్రం చూడండి. తమిళనాడులోని కూడంకుళం ప్లాంటుకు 1988లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినప్పుడు, వాడిన ఇంధనాన్ని వాళ్లే తీసుకుపోవాలన్నది షరతు. 1989లో పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. సోవియట్ యూనియన్ పోయింది, ఒప్పందం మారింది, ఇంధనం మన దగ్గరే ఉంటుందన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టయింది. షరతు మారిందని ఆ ఊళ్లను మళ్లీ అడిగినవాళ్లు లేరు.

2013 మే తీర్పులో సుప్రీంకోర్టు ప్లాంటును అనుమతిస్తూనే, వాడిన ఇంధనానికి రియాక్టరుకు దూరంగా విడి నిల్వ కేంద్రం కట్టాలని చెప్పింది. అయిదేళ్లు చాలలేదు, గడువు పొడిగించుకున్నారు. 2019 జూలైలో దానికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే చుట్టుపక్కల ఊళ్లన్నీ వ్యతిరేకించాయి, వాయిదా పడింది. అదే కేసు నడుస్తుండగా 2012 నవంబరులో శాశ్వత ఖననానికి కోలారు బంగారు గనుల పేరు వినిపించింది. మన చిత్తూరు సరిహద్దుకు కూతవేటు దూరం అది. అక్కడ జనం రోడ్డెక్కగానే, అలాంటి ఆలోచన లేదన్నారు. మరి ఎక్కడ? ఆ జవాబు ఇప్పటికీ బాకీయే.

దారి మనదే, ధరా మనదే

కొవ్వాడ నుంచి ఇంధనాన్ని ఎటు తీసుకెళ్లినా ముందు మన ఊళ్లే దాటాలి. కల్పక్కం వైపు రోడ్డున వెళితే పదహారో నంబరు జాతీయ రహదారి. విశాఖ, రాజమహేంద్రవరం, ఏలూరు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు, ఆపైన చెన్నై. రైల్లో వెళ్లినా దాదాపు అదే బాట. తారాపూర్‌కైతే దేశం అడ్డంగా దాటాలి. ఓడలో పంపుతామంటే వేటకు పోయే మత్స్యకారుల దారి అది. అంటే ఇది రణస్థలం మండలం సమస్య మాత్రమే కాదు, కోస్తా అంతటిదీ. ఏ రోజు ఏ బండి పోతుందో ముందే చెప్పమని మేం అడగం, భద్రత కోసం అది గుట్టుగా ఉంచాలి, అర్థం చేసుకుంటాం. కానీ దారిలో ఉన్న పంచాయతీకి, ఫైర్ స్టేషనుకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏదైనా జరిగితే ఏం చేయాలో తెలిసి ఉండాలా వద్దా?

ఇక ధర సంగతి. ప్రమాదం జరిగితే పరిహారం గురించి చట్టాలు మాట్లాడతాయి. 2010లో పార్లమెంటు చేసిన అణు నష్టపరిహార చట్టం ప్లాంటు నడిపేవాళ్ల బాధ్యతకు 1500 కోట్ల రూపాయల పరిమితి పెట్టింది. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలోనూ, 1962 అణుశక్తి చట్టం స్థానంలోనూ కొత్త చట్టానికి పార్లమెంటు ఆమోదం తెలిపింది. ప్రైవేటు కంపెనీలు రియాక్టర్లు కట్టడానికి తలుపు తెరిచింది. రీప్రాసెసింగ్‌ను మాత్రం కేంద్రం చేతిలోనే ఉంచింది. అంటే లాభం కంపెనీది, కడ్డీల బరువు ప్రభుత్వానిది, పక్కన కాపురం మనది.

కానీ ప్రమాదం జరగకుండానే వచ్చే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. చెట్టు పేరు చెబితేనే కాయ అమ్ముడుపోయే బజారు ఇది. జపాన్‌లోని ఫుకుషిమాలో 2011 ప్రమాదం తర్వాత, 2012 నుంచి జిల్లాలో పండిన బియ్యాన్ని బస్తా బస్తా పరీక్షించారు. ఏటా కోటి బస్తాల దాకా. 2015 పంట నుంచి ఒక్క బస్తా కూడా పరిమితి దాటలేదు. అయినా ఫుకుషిమా పేరున్న పంటకు ఏళ్ల తరబడి మిగతా ప్రాంతాల కన్నా తక్కువ ధరే పలికింది. గింజలో దోషం లేదు, పేరులో ఉంది. రేపు మన కొబ్బరికి, జీడిపప్పుకు, చేపకు, పాలకు అలాంటి పేరు పడితే కొనేవాడు కారణం చెప్పడు, ధర తగ్గించి అడుగుతాడు.

ఈ గొలుసు మొదటి కొస కూడా మన నేలలోనే ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వి శుద్ధి చేస్తున్నారు. ఆ శుద్ధి వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. నీళ్లు చెడ్డాక ఎవరి వల్ల చెడ్డాయో రుజువు చేయడం రైతు మెడకు చుట్టుకుంటుంది. ప్లాంటు రాకముందే నీళ్లు, మట్టి పరీక్ష చేయించి పెట్టుకోవాలని మేం అంటున్నది అందుకే.

అడిగితే వచ్చిన చోటు

ముందే అడిగి చేసిన దేశం లేదా? ఉంది. ఫిన్లాండ్ చట్టం ప్రకారం అణు కేంద్రం గానీ, వ్యర్థాల ఖననం గానీ స్థానిక సంస్థ ఒద్దంటే అక్కడ పెట్టడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి పలు చోట్ల నేల పరిశోధించి, యురాయోకి అనే ఊరి కౌన్సిల్ 2000లో ఒప్పుకున్నాకే, 2001లో పార్లమెంటు ఆమోదించింది. ఆ దేశం రీప్రాసెసింగ్ జోలికి పోకుండా నేరుగా రాతి పొరల్లో పాతిపెట్టే దారి ఎంచుకుంది. ఆ దారి మంచిదా, మన దారి మంచిదా అన్నది నిపుణులు తేల్చుకోవాల్సిన వాదన. మనకు పనికొచ్చే పాఠం ఒకటే. ఒద్దనే హక్కు ఉన్న ఊరే సరేనని చెప్పగలిగింది.

మన దగ్గర 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం బాధితుల సమ్మతి కావాలంటుంది. ప్రభుత్వమే కడితే ఆ అవసరమే లేదు. శ్రీకాకుళం జిల్లా ఒద్దు అన్నందుకు ఏం చూసిందో గుర్తుంది కదా. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లను వ్యతిరేకించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ దారి మళ్లీ రాకూడదంటే ప్రశ్నలకు ముందే జవాబులు రావాలి.

మేం అడుగుతున్నవి

ఒకటి. వాడిన ఇంధనం ప్లాంటు ఆవరణలో ఎంత, ఎన్నేళ్లు ఉంటుందో, ఏ ప్లాంటులో రీప్రాసెస్ చేస్తారో, గాజు దిమ్మలు చివరికి ఎక్కడ ఉంచుతారో తెలుగులో రాసి గ్రామసభల ముందు పెట్టాలి. ఆ తర్వాతే ఇక ఒక్క ఎకరమైనా అడగాలి.

రెండు. తరలింపునకు సంవత్సరంతో సహా గడువు రాయాలి. గడువు దాటితే ఏడాదికి ఇంత అని చుట్టుపక్కల పంచాయతీలకు చెల్లించాలి. అద్దె ఇల్లు ఖాళీ చేయకపోతే అద్దె కట్టమంటాం కదా, ఇదీ అంతే.

మూడు. ఒప్పందం షరతు ఏది మారినా కూడంకుళంలోలా కాగితాల్లో కానివ్వకుండా మళ్లీ గ్రామసభలకు రావాలి.

నాలుగు. రవాణా దారిలోని మండలాల్లో ఫైర్ సిబ్బందికి, ఆరోగ్య సిబ్బందికి శిక్షణ, పరికరాలు ఇవ్వాలి. ఏటా మాక్ డ్రిల్ చేయాలి.

ఐదు. పని మొదలవకముందే మట్టి, బోరు నీళ్లు, పాలు, చేప, పంటలను ప్రాజెక్టుతో సంబంధం లేని విశ్వవిద్యాలయాలతో పరీక్ష చేయించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి. ఏటా మళ్లీ చేయాలి.

ఆరు. ప్రమాదం లేకపోయినా పేరు పడి ధర పడిపోతే ఆ తేడా భరించే నిధి ఒకటి ముందే పెట్టాలి.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. బ్యాంకు మనకు లక్ష రూపాయల పంట రుణం ఇవ్వాలంటే పాసుపుస్తకం, అడంగల్, హామీ, తిరిగి కట్టే తేదీ అన్నీ అడుగుతుంది. వేల ఏళ్ల బరువును మన పక్కన దించేవాళ్లను అదే నాలుగు కాగితాలు అడగడం తప్పు కాదు.

వచ్చే గ్రామసభల్లో, మండల సమావేశాల్లో మన సభ్యులు ఈ ఆరు అంశాలూ తీర్మానాలుగా పెట్టించాలి. రణస్థలంలోనే కాదు, రహదారి పొడవునా ఉన్న ప్రతి మండలంలోనూ. తీర్మానం నకలు ఒకటి సంఘం కార్యాలయానికి పంపండి. అధికారులు రీసైకిల్ చేస్తాం, తరలిస్తాం అని చెప్పినప్పుడు చప్పట్లూ వద్దు, కేకలూ వద్దు. ఎక్కడికి, ఎప్పుడు, ఎటు నుంచి అని మాత్రం అడగండి. జవాబు రాసిచ్చాకే భూమి మాట.